మూడు వేళ్ల రాక్షసబల్లితో కమాన్‌పూర్ నుంచి రామకృష్ణాపూర్ దాకా

టైరనోసారస్ రెక్స్ అంటే నాకు చిరాకు. పెన్సిల్ డబ్బా మీద అదే, టీషర్టు మీద అదే, బిస్కెట్ ప్యాకెట్ మీదా అదే నోరు తెరుచుకుని ఉంటుంది. దాని వంశంలో ఇంకెవరూ పుట్టనట్టు! గోదావరిఖనిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను సైన్సు చెబుతాను. ఈ ఏడాది రామకృష్ణాపూర్‌లో జరిగే సైన్స్ ప్రదర్శనకు ఆ వంశంలోని పేరు తెలియని చుట్టాలనే తీసుకెళ్లాలని మా పిల్లలూ నేనూ పట్టుబట్టాం. పట్టుదలకు ఇంకో కారణం కూడా ఉంది. మా హెడ్‌మాస్టర్ ముందే తేల్చి చెప్పారు. బహుమతి తెస్తే సరి, లేకపోతే శనివారం సైన్స్ క్లబ్ పీరియడ్ లెక్కలకు వెళ్లిపోతుంది. వారమంతా పిల్లలు ఎదురుచూసేది ఆ ఒక్క పీరియడ్ కోసమే. దాన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

పొద్దున్నే గోదావరిఖని బస్టాండులో కమాన్‌పూర్ బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్టు ఉచితం కాబట్టి ఖర్చు లేదు, సీటు కూడా లేదు. నాతో పాటు ఎనిమిదో తరగతి నాజ్నీన్ ఉంది. ప్రదర్శనలో మాట్లాడాల్సింది తనే. చార్టులన్నీ చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని దారంతా పెదాలు కదిలిస్తూనే ఉంది. తలమీద కిరీటంలాంటి ఎముక ఉన్న చిన్న గ్వాన్‌లాంగ్, పొడుగు ముక్కు చియాన్‌జౌసారస్, ఉత్తరాన చలి దేశంలో బతికిన నానుక్‌సారస్, ఒళ్లంతా ఈకలున్న యూటిరానస్. ఒక్కోదానికి ఒక్కో చార్టు. మధ్యలో నిలబెట్టడానికి మాత్రం గొర్గోసారస్ బొమ్మ. అది టి.రెక్స్‌కు ముందుతరం బంధువు, ఒళ్లు కాస్త సన్నం. దాన్ని కమాన్‌పూర్‌లో మెకానిక్ షెడ్డు నడిపే నాజ్నీన్ మేనమామ ఖాజా భాయ్ చేసిపెడతానన్నాడు. ఇనుప చువ్వలతో గూడు కట్టి, పైన తుక్కు దుకాణంలో కొన్న పాత కన్వేయర్ బెల్టు రబ్బరు తొడుగుతానన్నాడు.

షెడ్డు చేరేసరికి బొమ్మ సిద్ధంగా నిలబడి ఉంది. మనిషంత ఎత్తు, నల్లటి ఒళ్లు, తోక చూస్తే ఇప్పుడే ఊపేలా ఉంది. దగ్గరికి వెళ్లి చేతులు చూశాను. ఒక్కో చేతికి మూడు వేళ్లు.

"భాయ్, రెండు వేళ్లని బొమ్మ గీసి ఇచ్చాను కదా!"

"ఇచ్చిన్రు మేడం, చూసిన. గానీ రెండు వేళ్లతోని పట్టు ఎట్ల నిలుస్తది?" అని గోడకు వేలాడుతున్న పుల్లర్ తీసి చూపించాడు. ఇరుసుకు పట్టేసిన బేరింగును లాగే పనిముట్టు అది. "రెండు కాళ్ల పుల్లర్ జారిపోతది. మూడు కాళ్లదైతే ఎంత మొండి బేరింగైనా ఊడి రావాల్సిందే. గంత పెద్ద జానవర్‌కు రెండు వేళ్లు పెట్టిన్రంటే గీసినోళ్లే తప్పు గీసిన్రనుకున్న. నేనే సరిచేసిన."

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ జంతువుకు ఉన్నవే రెండు వేళ్లు. పైగా ఆ చేతులతో అది బేరింగులు లాగలేదు. వేలు కోసెయ్యమన్నాను. గ్యాస్ కట్టర్ పెడితే పైనున్న రబ్బరు అంటుకుంటుందట. రబ్బరంతా విప్పి, కోసి, మళ్లీ తొడిగేసరికి సాయంత్రమవుతుందట. మేము నాలుగింటికల్లా రామకృష్ణాపూర్‌లో ఉండాలి. ఖాజా భాయ్ ముఖం చిన్నబోయింది. ఆయన అంతా మంచికే చేశాడు, నేనేమో అరిచేశాను. ఆయన భార్య పెట్టిన ఖిచిడీ, పుల్లటి ఖట్టా తిని బయల్దేరాం.

ట్రాలీ ఆటో రానూపోనూ పద్దెనిమిది వందలకు కుదిరింది. డ్రైవర్ శంకరన్న బొమ్మను తాళ్లతో కట్టి, అటూ ఇటూ ఒరగకుండా చుట్టూ గోనె సంచులు కుక్కాడు. ఊరు దాటాక ఓపెన్‌కాస్టు బొగ్గు గని దగ్గర ఎర్రజెండా అడ్డం పెట్టి బండ్లన్నీ ఆపేశారు. గనిలో బండను పేల్చే బ్లాస్టింగ్ వేళ. కనీసం అరగంట అన్నారు. శంకరన్న ఇంజన్ ఆపి కిందికి దిగాడు.

"ఇది మన బొగ్గుబాయిల దొరికిందా మేడం?"

"లేదన్నా. మన బొగ్గు ఇవన్నీ పుట్టకముందే తయారైంది. పైగా ఈ వంశం మన దేశంలో ఉన్నట్టు ఎక్కడా ఆనవాలు దొరకలేదు. చైనాలో, అమెరికాలో దొరికాయి."

"మరి మనకెందుకు దీని లొల్లి?" అని నవ్వాడు. మా దిగులు తెలుసుకున్నాక ఉపాయమూ చెప్పాడు. "ఒక్క వేలుకు గుడ్డ చుట్టి లోపలికి మలవండి. దెబ్బ తగిలిందనుకుంటరు. ఎవడు లెక్కవెడ్తడు?"

నవ్వొచ్చింది, కానీ ఒప్పుకోలేదు. అబద్ధం చెప్పి క్లబ్బును నిలబెట్టుకుంటే ఆ క్లబ్బులో రేపు నేనేం నేర్పాలి? రోడ్డు పక్కన అటూ ఇటూ నడుస్తూ బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నాజ్నీన్ చార్టుల చుట్ట విప్పి ఒకటి బయటికి తీసింది.

"మేడం, యూటిరానస్‌కు మూడు వేళ్లే కదా. పాత చుట్టాలందరికీ మూడే ఉండె. రెండు తర్వాతోళ్లకు. వేలు ఎందుకు కొయ్యాలె? పేరే మారుద్దాం."

సైన్సు టీచర్ని నేను. ఆ చార్టు కింద అక్షరాలు దిద్దింది కూడా నేనే. రెండు వేళ్ల గొడవలో పడి నాకు తట్టనే లేదు! కానీ యూటిరానస్ అంటే ఒంటినిండా ఈకలుండాలి, కోడిపిల్ల మీద నూగులాంటివి. మా దగ్గరున్నదేమో నున్నటి రబ్బరు. చుట్టూ చూస్తే గోనె సంచులు కనిపించాయి. సంచులు పాడుచేయడానికి శంకరన్న మొదట ససేమిరా అన్నాడు, వాటి ఖరీదు కిరాయిలో కలిపి ఇస్తానంటే మెత్తబడ్డాడు. ముగ్గురం రోడ్డు పక్కన కూర్చుని నారపోగులు లాగడం మొదలుపెట్టాం. సైరన్ మోగింది, కాసేపటికి నేల అదిరింది, దూరంగా దుమ్ము లేచింది. మేం తలెత్తలేదు. ఆగిన బండ్లలోంచి దిగిన ఒక అక్క "ఏం జేస్తున్నరు బిడ్డా?" అని అడిగి, తనూ ఒక సంచి అందుకుంది.

జెండా ఎత్తేశాక గోదావరిఖని మీదుగా బ్రిడ్జి దాటి, ఇందారం, శ్రీరాంపూర్, నస్పూర్ దారి పట్టాం. నేను వెనకాల ట్రాలీలో నిలబడి, శంకరన్న దగ్గరున్న గోనె కుట్టే దబ్బనంతో పోగులను రబ్బరుకు కుట్టాను. ముందు సీట్లో నాజ్నీన్ కొత్త మాటలు వల్లె వేసింది. నస్పూర్ దగ్గర డ్యూటీ దిగి వస్తున్న కార్మికులు బండి ఆపి ఫొటోలు దిగారు. రామకృష్ణాపూర్ హాలు చేరేసరికి పేర్లు రాసుకునే ఆయన బల్ల సర్దుకుంటున్నాడు. చివరి పేరుగా యూటిరానస్ అని రాయించాం. నా చేతివేళ్ల నిండా దబ్బనం పోట్లు.

న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన నేరుగా చేతుల దగ్గరికే వచ్చాడు. "ఈ కుటుంబానికి రెండు వేళ్లు కదమ్మా?"

నాజ్నీన్ గొంతు సవరించుకుంది. "తర్వాతోళ్లకు రెండు సార్. మొదటోళ్లకు మూడే. టి.రెక్స్ ఒక్కసారి పుట్టలే. దాని ముందటోళ్లు కోట్ల ఏండ్లు చిన్నగనే ఉన్నరు. వేరే పెద్ద జంతువులు ఏలుతుంటే వీళ్లు పక్కన బతికిన్రు, మెల్లగ మారిన్రు. మేం గొర్గోసారస్ చేద్దామనుకున్నం. మా మామూ ఒక వేలు ఎక్కువ వెట్టిండు. అందుకే ఆ వేలుకు సరిపోయే చుట్టాన్ని తెచ్చినం."

చివరి మాట చెప్పమని నేను నేర్పలేదు. ఆయన పెద్దగా నవ్వి, చాలాసేపు ఈకలు పట్టుకుని చూశాడు. నాకు గర్వంతో కళ్లు నిండాయి. ఇక బహుమతి మాదే అనుకున్నాను.

బహుమతి మురికినీళ్లు వడకట్టే యంత్రానికి వచ్చింది. మంచి యంత్రమే, తప్పుపట్టను. తిరుగుదారిలో హెడ్‌మాస్టర్ ఫోన్ చేశారు. "రాలేదు సార్" అన్నాను. "సరేనమ్మా, ఈ శనివారం నుంచి లెక్కలు" అని పెట్టేశారు. బ్రిడ్జి మీద గాలికి కళ్లు తుడుచుకుంటుంటే నాజ్నీన్ చూసింది.

"పీరియడ్ పోయిందా మేడం?"

"పోయింది."

"శనివారం పోతే పోనియ్యిండ్రి. ఆదివారం సార్ చేతుల లేదు కదా."

ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నాకు రోషమే వస్తుంది, బాధ కాదు. ఎవరో చోటు ఇస్తేనే బతుకుతామని కూర్చుని ఉంటే ఆ వంశం గ్వాన్‌లాంగ్‌తోనే ఆగిపోయేది. పేరు లేకుండా, పక్కన ఉంటూ, చేతికందిన దాంతో బతకడం కూడా బతుకే. మా పిల్లలకు నేను చెప్పాలనుకున్న పాఠం ఇదే, దాన్ని నాకు ఓ ఎనిమిదో తరగతి పిల్ల చెప్పింది. ఇక మీలో ఎవరైనా ఈ దారిన పెద్ద సామానుతో రావాలనుకుంటే మామూలు రోజుల్లో మధ్యాహ్నం పెట్టుకోకండి, బ్లాస్టింగ్‌కు చిక్కుతారు. ఆదివారం రండి. చర్చి అయ్యాక నేను కమాన్‌పూర్‌లో ఖాజా భాయ్ షెడ్డులోనే ఉంటాను, మా క్లబ్ అక్కడే. కాస్త ముందే రండి, ఆలస్యమైతే కూర్చోవడానికి చోటు దొరకడం లేదు.