మూత ఎత్తితే మోగే గంట

డెబ్బైల మొదట్లో లింగంపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను ఇన్‌వార్డ్ గుమాస్తాను. ఆఫీసుకు వచ్చే ప్రతి కాగితం నా గది గుమ్మం దగ్గరున్న చెక్కపెట్టెలో పడాలి. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి, పని పేరుకుపోతే అన్నం సయించని రకం. ఎలక్ట్రీషియన్ని బతిమాలి ఆ పెట్టె మూతకు కరెంటు గంట బిగించుకున్నాను. మూత ఎత్తితే మోగుతుంది. మోగగానే లేచి కాగితం తీసి, స్టాంపు గుద్ది, నంబరు వేసి ఆఫీసరు బల్ల మీద పెట్టేవాణ్ణి. అందులో ఏముందో చదవడం నా పని కాదని గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

నేను రాకముందు ఆ పెట్టెకు ఇంకో ఉపయోగం ఉండేది. కోపం వచ్చినవాడు రాజీనామా రాసి అందులో పడేసేవాడు. వారం దాకా దాన్ని ఎవరూ ముట్టరని అందరికీ తెలుసు. సాయంత్రానికి ఎవరో ఒకరు చాయ్ తాగించి, ఆ కాగితం తీసి అతని జేబులో పెట్టేవారు. అలిగినవాడికి పరువు దక్కేది, ఉద్యోగమూ దక్కేది. ఈ సంగతి నాకు తెలియదని కాదు.

ఖాజాగూడ నుంచి వచ్చే అటెండరుకు నా గంటంటే నవ్వులాట. "బడి పోరని లెక్క గంట కొట్టంగనే లేస్తవేంది సారూ" అనేవాడు. నలుగురూ నవ్వేవారు, నాకు ఒళ్ళు మండేది. అతని పొలం ఫ్యాక్టరీలో కలిసిపోయింది. పొలం పోయిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు, అదే ఇది. పోతే మళ్ళీ ఇవ్వరు.

ఒకరోజు అతను సైకిల్ పంక్చరై ఆలస్యంగా వస్తే ఆఫీసరు అందరి ముందూ తిట్టాడు. అతను ఎవరిచేతో రాజీనామా రాయించి, వేలిముద్ర వేసి పెట్టెలో పడేసిపోయాడు. గంట ఉన్నా నేనూ మనిషినే కదా అనుకున్నాడేమో. ఆ ఒక్క కాగితాన్ని మాత్రం రెండుసార్లు చదివాను. తర్వాత స్టాంపు గుద్దాను.

మధ్యాహ్నం వచ్చి మెల్లగా అడిగాడు. "సారూ, కోపంల పడేసిన. ఆ కాయితం జర వాపస్ ఇయ్యరాదూ?"

"లోపలికి వెళ్ళిపోయిందండి" అన్నాను. అతన్ని అండీ అనడం అదే మొదటిసారి.

ఆఫీసరు భోజనానికి వెళ్ళాడు. కాగితం ఇంకా సంతకం కాకుండా ఆ బల్ల మీదే ఉంది. పది అడుగులు. నేను కుర్చీలోంచి లేవలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ పూట నాకు చాలా హాయిగా ఉంది.

సాయంత్రానికి దాని మీద ఆఫీసరు సంతకం పడింది. మర్నాడు అతను రాజీనామా వెనక్కి తీసుకుంటానని ఇంకో కాగితం వేశాడు. గంట మోగింది. దానికీ స్టాంపు గుద్దాను. "రాజీనామా ఇదివరకే ఆమోదించడమైనది" అని జవాబు నేనే రాసి సంతకానికి పెట్టాను. అదీ పావుగంటలో అయిపోయింది.

వారం తర్వాత గంట మోగితే అలవాటుగా లేచాను. పెట్టె దగ్గర అతనే ఉన్నాడు, మూత ఎత్తి పట్టుకుని. లోపల ఏమీ లేదు.

"ఏం కాయితం లేదు సారూ. ఉత్తగనే ఎత్తిన, లేస్తవా లేదా చూద్దామని" అన్నాడు.

ఈసారి అతను నవ్వలేదు. మూత మెల్లగా దించి, గేటు వైపు నడిచాడు. నా చేతిలో స్టాంపు ఉంది, దానికి అప్పటికే సిరా అద్ది ఉంది.