పట్టుకున్నా

ఆ షెడ్డులో అతన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. ఒక్క స్క్రూ బిగించాడంటే మూడుసార్లు తడిమి చూడందే వదలడు. నీ నిదానం తగలెయ్య, పొద్దుగూకుతోందిరా అని అన్న విసుక్కునేవాడు. ఇరవై ఏళ్లు అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పని: చిన్న విమానాల రెక్కలు ఊడదీసి లారీకెక్కించడం, అవతలి ఊళ్లో మళ్లీ బిగించడం. ఎగిరేదాన్ని నేలమీద ఊరేగించే ఉద్యోగమని వాళ్లలో వాళ్లే నవ్వుకునేవారు.

ఆ పనికి ఒక మాట ఉంది. రెక్క బరువు స్టాండు మోస్తుంది కానీ, అది ఒరిగిపోకుండా చివర ఒక మనిషి భుజం ఆనించాలి. అన్న ఆనించి ‘పట్టుకున్నా’ అంటాడు. అది విన్నాకే తమ్ముడు విమానం లోపల కూర్చుని, రెక్కను పట్టి ఉంచే ఆఖరి పిన్ను లాగుతాడు. లోపలున్నవాడికి బయటి మనిషి కనపడడు కాబట్టి చెవినే నమ్ముకోవాలి.

నిరుడు ఒక తెల్ల విమానం దగ్గర ఆ మాట తప్పింది. అన్న స్టాండు సర్దడానికి రెక్క కిందికి వంగి ఉండగా నిదానం పిన్ను లాగేశాడు. రెక్క అన్న మెడ మీద పడింది. విచారణకొచ్చిన ఆఫీసరుతో, అన్న ‘పట్టుకున్నా’ అన్నాడనీ తాను విన్నాననీ చెప్పాడు. పట్టు జారింది అన్నకేనని కాగితం మీదికెక్కింది. చచ్చినవాడొచ్చి కాదంటాడా?

నిజానికి నిదానం ఏమీ వినలేదు. రోజూ వినపడే మాటే కదా అని చెయ్యి దానంతట అదే లాగేసింది. ఆ రోజు వినపడని మాట అప్పట్నుంచి అతన్ని వదల్లేదు. కుళాయి తిప్పితే వెనకనుంచి ‘పట్టుకున్నా’. గడియ తీస్తే ‘పట్టుకున్నా’. అన్న గొంతే, అదే విసుగు. ఎందుకలా ఉలిక్కిపడతావని భార్య అడిగితే చలి అంటాడు, నడి ఎండాకాలంలో.

ఆ విమానానికి అప్పుడు కుదిరిన బేరం చెడింది. రెక్క సొట్టలు తీసి మళ్లీ బిగించి, విమానాన్ని మూలన పెట్టారు. ఇప్పుడు దేశానికి అవతలి కొసన ఉన్న పైలట్ల శిక్షణ బడి దాన్ని కొనుక్కుంది. అనుమతి పత్రాలు మురిగిపోయాయి కనుక ఎగరకూడదు, నాలుగు రోజులు లారీ మీద పోవాలి. తీరా ఆ రెక్క దింపే వేళకు పనివాళ్లు తలా ఒక వంక చెప్పి జారుకున్నారు. మనిషిని మింగిన రెక్క కింద భుజం పెట్టేదెవరు?

వదిన పెట్టింది. రెక్కలకు గుడ్డ కవర్లు కుట్టేది ఆవిడే, తొడగడానికి వచ్చి ఉంది. పట్టు జారినవాడి పెళ్లాం అని వెనక అనుకునే మాటలు ఏడాదిగా ఆవిడ చెవిన పడుతూనే ఉన్నాయి. ఎవరినీ అడక్కుండా రెక్క చివరికి నడిచింది.

నిదానం లోపలికెక్కి పిన్ను మీద చెయ్యి వేశాడు. వెంటనే అన్న గొంతు పలికింది. అతను లాగలేదు. కావలసింది వదిన గొంతు. బయటనుంచి ఏ మాటా రాలేదు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. కళ్లలోకి చెమట దిగింది. అయినా ఆగాడు.

చివరికి వదిన పలికింది.

“ఆ రోజు కూడా ఇంతసేపు ఆగావా?”

ఆగానంటే సరిపోయేది. ఎవరొచ్చి కాదంటారు?

“లేదొదినా. అన్నయ్య ఏమీ అనలేదు. నేనే లాగేశాను.”

రెక్క కదల్లేదు. ఆవిడ ఏడుస్తోందో, వెళ్లిపోయిందో లోపలికి తెలియడం లేదు. ఎంతసేపటికో మళ్లీ గొంతు వచ్చింది.

“ఈ మాట ఆఫీసులో కూడా చెప్పు.”

“చెబుతా.”

“పట్టుకున్నా. లాగు.”

లాగాడు. రెక్క ఊడి ఆవిడ భుజానికి ఆనుకుని నిలిచింది.

సాయంత్రం ఆఫీసులో ఆ మాట చెప్పి, సంతకం పెట్టి ఇంటికొచ్చి చేతులు కడుక్కోబోయాడు. కుళాయి తిప్పాడు, నీళ్లొచ్చాయి. వెనక ఎవరూ ఏమీ అనలేదు. కట్టేసి మళ్లీ తిప్పాడు. ఒక్కసారి విసుక్కోరా అన్నయ్యా అని, ఆ నీళ్లముందు చాలాసేపు ఆగాడు.