విజిలమ్మ మూతి

బడిలో ఆటలు నేర్పే ఆమెను పిల్లలు విజిలమ్మ అంటారు. మైదానంలో ఒక్కసారి విజిల్ ఊదిందంటే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాల్సిందే. ఇప్పుడు చప్పట్లు కొడుతోంది. ఆ గోలలో ఎవడు వింటాడు?

చెవి కింద గడ్డ లేచిందని ఆపరేషన్ చేయించుకుంది. పీడ విరగడైందనుకునేలోపే కుడివైపు మూతి జారిపోయింది. విజిల్ పెట్టుకుంటే గాలంతా పక్కనుంచి తుస్సుమంటుంది. మంచినీళ్లు తాగినా గడ్డం మీదికి కారిపోతాయి.

"మూతిని కదిలించే నరం బాగానే ఉందమ్మా. కుట్లు వేసేముందు మిషన్ పుల్ల ఆనించి చూశాను, మూతి టక్కున కదిలింది." వెళ్లినప్పుడల్లా డాక్టరుగారిది ఇదే పాట. నరానికి సన్నగా కరెంటు తగిలించి, అది పనిచేస్తోందో లేదో చెప్పే మిషన్ అది. ఇంట్లో భర్తదీ అదే వరస. "మిషన్ చెప్పిందిగా, కాస్త ఓపిక పట్టు."

"మిషన్ చెబితే సరిపోతుందా? కదలాల్సింది నా మూతి!" అని గిన్నె ఠపీమని పెట్టేది. ఒళ్లు మండదూ మరి? చివరికి తనే సరిగ్గా ఊదట్లేదేమోనని తన మీద తనకే అనుమానం వచ్చేదాకా తెచ్చారు.

నెలలు గడిచినా పెదవి ఇసుమంతైనా కదల్లేదు. ఒకరోజు విజిల్ పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ పుల్ల ఎక్కడ ఆనించారో నా ముఖం మీద చూపించండి. చూపించేదాకా లేవను."

ఆయన వేలు ఆమె బుగ్గ మీద, మూతికి దగ్గరగా ఆగింది. తర్వాత మెల్లగా చెవి కిందికి, మచ్చ దగ్గరికి జరిగింది. అక్కడే ఉండిపోయింది.

"ఏమైందండీ?"

"కోసింది ఇక్కడ. నరానికి దెబ్బ తగిలితే ఇక్కడే తగలాలి. పుల్ల దీనికి పైన, నరం మొదట్లో ఆనించాలి. నేను దెబ్బకి అవతల, మూతివైపు ఆనించాను." ఆయన గొంతు తగ్గింది. "తెగిన నరమైనా ఆరోజుకి అక్కడ కదలిక చూపిస్తుందమ్మా. తప్పు మిషన్‌ది కాదు, నాదే."

ఇన్నాళ్లూ ఆమె నోరారా తిట్టింది ఆ మిషన్‌నే.

"ఆరోజే చూసుకుని ఉంటే?"

"అప్పుడే కుట్టేవాణ్ని. ఇప్పుడు కాలినుంచి నరం ముక్క తీసి అతకాలి. ఆ పని తెలిసిన డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. పూర్తిగా నయమవుతుందని మాత్రం మాటివ్వలేను."

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. విజిల్‌ను బల్ల మీద ఆయన ముందుకు తోసింది.

"మీ దగ్గరే ఉంచండి. నయమైన రోజు వచ్చి, మీ ముందే ఊది తీసుకెళ్తాను. నయం కాలేదా, రోజూ మా మైదానానికొచ్చి మీరే ఊదండి."