మీది తొవ్వ

మా మనవరాలు కొత్త సైకిల్ తెచ్చిన రోజు నేను అడిగిన మొదటి మాట, దీనికి వెనక క్యారేజీ ఏదని. క్యారేజీ లేని సైకిల్ మీద బియ్యం మూట పెట్టలేం, గడ్డిమోపు పెట్టలేం. బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. టైర్లు మాత్రం లావుగా, గాట్లు గాట్లుగా ఉన్నాయి.

"గిది మొరం మట్టి తొవ్వల మీద తొక్కే సైకిల్ బాపమ్మా. తారు రోడ్డు మీద అందరు పోతరు. మేం అడివిల బండ్లబాటలు పట్టుకొని పోతం. పాత ఊర్లు, బురుజులు సూసుకుంట పోతం" అంది.

"బండ్లబాటల నడిచి నడిచి మా కాళ్లు అరిగినయి. మీకు గది ఆటయ్యిందా?" అన్నాను.

అయినా పంచరైన ట్యూబును పారేయనివ్వలేదు. సన్నగా కోసి మిరపకాయల సంచి మూతి కట్టాను, చీపురు బిగించాను, మిగిలింది నా చేతికర్ర అడుగుకు చుట్టాను. గచ్చు మీద జారకుండా పట్టుకుంటుంది.

ఆ కర్రతో నేను నడిచేది హాల్లోంచి బాల్కనీ దాకే. మాది బొగ్గుబాయి కాలనీలో కంపెనీ క్వార్టర్, రెండో అంతస్తు. నిరుడు వానాకాలంలో మెట్ల మీద జారిపడ్డాను. తుంటి విరగలేదు కానీ నెల రోజులు మంచం మీదే ఉన్నాను. మెట్లు దిగొద్దని కొడుకు కచ్చితంగా చెప్పాడు. కింద మునగచెట్టు ఉంది, ఆకు ఊరికే రాలి పాడైపోతోంది. ఒక మధ్యాహ్నం చూడలేక దిగాను. ఎక్కడం చేతకాక, కొడుకు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఒళ్లో మునగాకు పెట్టుకుని అడుగు మెట్టు మీదే కూర్చున్నాను. మరునాటి నుంచి వాకిట్లో ఉన్న ఇనుప జాలి తలుపుకు బయట తాళం పడింది. ముగ్గురి దగ్గరా తలో తాళంచెవి, ఆఖరున ఇల్లు వదిలేవాళ్లు వేసిపోవాలి. అది ఇంటి చట్టం.

తాళం కంటే సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. ఎదురింటావిడ అడిగితే కోతులొస్తున్నాయని చెప్పాను.

"మీ కోతులకు తలుపు తీసుడు గుడ వస్తదా అక్కా?" అంది ఆమె.

బాల్కనీ నుంచి బాయి మట్టి తెచ్చి పోసిన గుట్ట కనబడుతుంది. దాని పక్కన సన్నగా, గీత గీసినట్టు అడవి. ఆ అడవిలోంచే పోతే మా తల్లిగారూరు వస్తుంది. చిన్నప్పుడు ఆ బాట వెంటే మా బాపు బండిలో చెన్నూరు అంగడికి పోయేవాళ్లం. మా బడి వాగు అవతల ఉండేది. వాన పడితే వాగు వచ్చేది, వాగు వస్తే బడి లేదు. మూడో తరగతి కాగానే మా బాపు ఇక చాలన్నాడు. తర్వాత తారు రోడ్డు పడింది, ఊరంతా రోడ్డు పక్కకు జరిగి ఇళ్లు కట్టుకుంది. పాత ఊళ్లో ఒక బురుజు, కూలిన గోడలు మిగిలాయని విన్నాను. చూసి చాలా ఏళ్లయింది.

ఒకరోజు మనవరాలు ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"బాపమ్మా, నీ తల్లిగారూరి బురుజు మ్యాపుల లేదు. అంత పచ్చగనే సూపెడుతుంది. తొవ్వ చెప్పవా?"

నన్ను ఎవరైనా దారి అడిగి ఎన్నాళ్లయిందో. ఇప్పచెట్ల వరస ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో, టేకు ప్లాంటేషన్ ఎటు పక్కన విడవాలో, వాగు దాటే రాతి మోరి ఎక్కడుందో అన్నీ చెప్పాను. "మోరి దాటంగనే రెండు తొవ్వలైతయి. మీది తొవ్వ పట్టుకో. కింది తొవ్వకు పోయినవో, గోదారి ఒడ్డున తేల్తవ్" అన్నాను. తను "మీది తొవ్వ, మీది తొవ్వ" అనుకుంటూ ఫోన్‌లో రాసుకుంది.

వాళ్ల నాన్నకు చెప్పొద్దంది. వాడు ఒప్పుకున్నది పెట్రోల్ బంకు దాకా పోయి రావడానికే. పైగా ఆ వారం అడవిలో పెద్దపులి అడుగులు కనబడ్డాయని కాలనీలో అనుకుంటున్నారు. నేను గట్టిదాన్నని పేరు. అబద్ధం ఆడిన పిల్లకు అన్నం పెట్టను. అలాంటిదాన్ని ఆ రోజు ఊరుకున్నాను. బురుజు ఫోటో చూడాలనుకున్నాను, అందుకే.

చలికాలం. కోడలు తల్లిగారింటికి పోయింది. కొడుకు పొద్దుటి డ్యూటీకి వెళ్లాడు. తనతో రావలసిన ఇద్దరు స్నేహితులు మానేసినా పిల్ల ఆగలేదు. సైకిల్ భుజానికెత్తుకుని, "పోయొస్త బాపమ్మా" అని, చట్టం ప్రకారం తాళం వేసి పోయింది.

పదకొండింటికి ఫోన్ మోగింది.

"బాపమ్మా, తొవ్వ అయిపోయింది."

"అయిపోవుడేంది?"

"గుట్ట ఎక్కిన. మీద ఫారెస్టోళ్లు పెద్ద కందకం తవ్విన్రు. అవతలికి పోరాదు. ఎనక్కి మల్లుదామంటె అన్ని పశులబాటలే, ఏ బాటల వచ్చిన్నో..."

ఫోన్ కట్టయింది.

గుట్ట ఎందుకెక్కింది? నేను చెప్పిన దారిలో గుట్టే లేదు, గుట్ట ఉన్నది కింది తొవ్వ పక్కన. కాసేపటికి నాకు తెలిసింది. మాకు మీద అంటే నీళ్లు వచ్చే దిక్కు. వాగు ఎటు నుంచి వస్తే అది మీద, ఎటు పోతే అది కింద. నేల చదునుగా ఉన్నా అంతే. మా తల్లిగారింట్లో అన్నం బంతిలో కూర్చున్నప్పుడు కూడా "జర మీదికి జరుగు" అంటే వాగు వచ్చే వైపు జరగాలి. రెండో అంతస్తులో పెరిగిన పిల్లకు మీద అంటే ఎక్కడమే.

మళ్లీ చేశాను. కలవలేదు. కొడుక్కి చేద్దామంటే, బాయిలోకి దిగేటప్పుడు వాడి ఫోన్ పైనే పెట్టెలో ఉంటుంది. జాలి తలుపు దగ్గరకు పోయి తాళాన్ని గుంజాను. గుంజితే వచ్చేది కాదని తెలుసు. తాళం వచ్చినా మెట్లు ఉన్నాయి. మెట్లు దిగినా ఆ అడవి దాకా నా కాలు పోదు. అన్నీ తెలిసే గుంజాను.

చప్పుడుకు ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"ఏమైందక్కా? గంప కింద కోడిని కమ్మినట్టు కమ్మి పోయిన్రా నిన్ను?"

"అవునే, కమ్మి పోయిన్రు" అన్నాను. ఆరు నెలలు కోతుల మీద పెట్టి దాచిన మాట, ఒక్కసారికే బయటపడింది. "మనవరాలు అడివిల తొవ్వ తప్పింది. నీ కొడుకును జర పిలువు."

ఆమె మొహంలో నవ్వు పోయింది. తన కొడుకు ఆటో తీసుకుని కిరాయికి పోయాడని, ఫోన్ చేస్తానని లోపలికి పరుగెత్తింది. అంతలో నా ఫోన్ మోగింది.

"బాపమ్మా, గుట్ట దిగిన. వాగు దొరికింది. కని మోరి ఎటుందో తెలుస్తలేదు."

"ఏడువకు. నీళ్లు ఎటు పారుతున్నయి?"

"పారుతలేవు. మడుగు లెక్క నిలబడ్డయి."

"వాగు నీళ్లు ఊకె నిలబడవు. ఒక ఆకు తెంపి నీళ్లల ఎయ్యి. కూసోని సూడు. తొందరపడకు."

చార్జింగు ఎంతుందో, మాట ఎప్పుడు తెగుతుందో అని జాలిని పట్టుకుని నిలబడ్డాను. ఇనుము చల్లగా ఉంది.

"కదులుతుంది బాపమ్మా! నా ఎడమకు పోతుంది."

"ఆకుకు ఎదురుంగ నడువు. ఆకు పోయేది కింద, ఆకు వచ్చేది మీద. వాగు ఇడువకు. ముందు బురుజు కనబడ్తది, ఆడికెల్లి రోడ్డు కూతవేటే."

"మీది తొవ్వంటె గిదా? గుట్ట కాదా?" అని ఏడుపులోనే నవ్వింది. ఫోన్ కట్టయింది.

ఆ తర్వాత రెండు గంటలు ఎలా గడిచాయో చెప్పను. ఎదురింటావిడ జాలికి అవతల పీట వేసుకుని కూర్చుంది, నేను ఇవతల. ఒంటిగంట దాటాక "బురుజు కాడున్న" అని ఫోన్‌లో ఒక్క మాట వచ్చింది. ఆటోను వద్దన్నాం.

నాలుగింటికి కొడుకు వచ్చేసరికి ఎదురింటావిడే చెప్పేసింది. అరగంటకు పిల్ల వచ్చింది. చేతుల నిండా ముళ్ల గీతలు. వాడు కేకలు వేయలేదు. సైకిల్‌ను బాల్కనీ కడ్డీకి గొలుసుతో కట్టి, తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు.

"ఇయ్యాల్టి నుంచి సైకిల్ బంద్" అన్నాడు.

"తప్పు నాదిరా. తొవ్వ నేనే చెప్పిన. మీది అంటె ఎటో చెప్పలే" అన్నాను.

"నువ్వు నాది తప్పన్నవా అవ్వా?" అని నా మొహంలోకి చూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాట నా నోట విని ఉండడు. అయినా చెవి ఇవ్వలేదు.

నాలుగు వారాలు నేనూ ఆ సైకిలూ బాల్కనీలోనే ఉన్నాం. పిల్ల అలగలేదు, అదే భయమేసింది. పొద్దున లేచి, తిని, గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేది. నన్ను నేను చూసినట్టే ఉంది. మా బాపు చాలన్న రోజు నేనూ అలగలేదు.

ఒకరోజు అన్నం పెడుతూ కొడుకుతో అన్నాను. "సైకిల్ చైను తుప్పు పట్టవట్టె. ఇంకో నెలాగు. ఉల్లిగడ్డల బండోడు పాత ఇనుము తీసుకుంటడు. రెండు కిలోల ఉల్లిగడ్డలన్న ఇయ్యడా?"

వాడు తినడం ఆపాడు. "గా సైకిల్‌కు ఉల్లిగడ్డలా?"

"మరి? తొక్కని సైకిల్ ఇనుమే గదా."

మరుసటి పొద్దున చెవి బల్ల మీద ఉంది. తోడు లేకుండా పోవద్దని, పొద్దుగూకకముందే రావాలని చెప్పి డ్యూటీకి పోయాడు.

పిల్ల ఆ ఆదివారం స్నేహితులతో కలిసి గుట్టల వైపు పోయింది. పోయేముందు దారంతా నాకు అప్పజెప్పింది. మీద ఏదో, కింద ఏదో తనే చెప్పింది. అడుగుల చప్పుడు మెట్లు దిగింది. తాళం చప్పుడు మాత్రం రాలేదు. పోయి చూస్తే, తెరిచిన తాళం జాలికి వేలాడుతోంది, చెవి దానికే ఉంది. మరిచిపోయే పిల్ల కాదు.

జాలి తీసి, కర్రను మొదటి మెట్టు మీద పెట్టి చూశాను. ట్యూబు రబ్బరు గట్టిగా పట్టింది. దిగలేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. "ఏమక్కా, కోతులు పోయినయా?"

"ఒకటి గుట్టలెక్కింది. ఒకటి గీడ్నే నిలబడ్డది. చాయ తాగుదువు రా. చక్కెర నీదే తెచ్చుకో."

నాలుగు కాకముందే, కొడుకు వచ్చి పిల్లను ఏమీ అనకుండా, జాలి సందులోంచి చెయ్యి బయటికి పెట్టి తాళం నేనే నొక్కాను. పిల్ల వదిలిన చెవి మాత్రం లోపలే ఉంచుకున్నాను. పోపుల డబ్బాలో, ఆవాల కింద.