బావ ఫోన్లో సాంచాలు

ఏడో తరగతిలో నేను బడి మానేస్తే నాకంటే బడే ఎక్కువ సంతోషపడింది. అలాంటి నేను ఇప్పుడు కోరుట్లలో ఇళ్లకు ఇంటర్నెట్, కెమెరాలు బిగిస్తుంటాను.

సిరిసిల్లలో మా అక్కావాళ్ల ఇంటి వెనక షెడ్డులో బావకు సాంచాలుండేవి. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. జబ్బు ముదిరి జగిత్యాల ఆస్పత్రిలో పడ్డాక, కళ్లు తెరిచినప్పుడల్లా ఫోన్లో తన సాంచాలు నడవడం చూడాలన్నాడు.

"సూపిస్త గని బావా, టికెట్ పైసలు తీసిపెట్టు" అన్నాను. నవ్వాడు.

సిరిసిల్ల వెళ్లి షెడ్డులో కెమెరా, రౌటర్ బిగించాను. ఆ కెమెరా బయటి ఫోన్‌కు కనపడాలంటే రౌటర్‌లో పోర్టు, అంటే బయటికి దారి, తెరవాలి. తెరిచాను, కనపడలేదు. చూస్తే, ముందు ఇంటర్నెట్ కంపెనీ పెట్టె, దాని వెనక నేను బిగించిన రౌటర్; రెండింట్లోనూ దారి తెరవాలి. దీన్నే డబుల్ నాట్ అంటారు. ఇంటి తలుపు తీసి గేటుకు తాళం వదిలేసినట్టు. కంపెనీకి ఫోన్ చేస్తే సాంచాల మోతలో ఒక్క ముక్కా వినపడలేదు. పనివాళ్లతో సాంచాలన్నీ ఆపించి మాట్లాడాను. వాళ్లు తమ పెట్టెలోనూ పోర్టు తెరిచారు.

వెంటనే ఆస్పత్రిలో బావ ఫోన్లో బొమ్మ వచ్చింది. బావ దగ్గరున్న అక్క ఫోన్ చేసింది. "ఆగిన సాంచాలు జూసిండు. బందువెట్టిండ్రా అని మొఖం తిప్పుకున్నడు."

గబగబా అన్నీ నడిపించాను. బావ మళ్లీ కళ్లు తెరవలేదు.

దినాలయ్యాక అక్కతో అన్నాను, "ఏంజేద్దునే అక్కా, గా సప్పుడుల నాకు ఫోన్ల మాట ఇనవడలే."

"గా సప్పుడులనే మీ బావకు ఇన్నేండ్లు నా మాట ఇనవడ్డది తమ్మీ" అంది.