కాలవ గట్టున ఆగిన బస్సు

ఆ రోజు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ విజయవాడలో డాక్టరుకు చూపించుకుని వస్తున్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తోందట.

"నీళ్ళు బాగా తాగమన్నారమ్మా, ఆపుకోవద్దన్నారు," అని చెప్పారు.

నా నీళ్ళ సీసా ఇవ్వబోతే వద్దన్నారు. "తాగితే ఇంటిదాకా ఆగలేను. పొద్దుట్నుంచీ గుక్కెడు తాగలేదు."

కంకిపాడు దాటాక ఆమె ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నారు. నేను వెళ్ళి కండక్టరుతో చెబితే, పాపం, కాలవ గట్టున బస్సు ఆపించాడు. ఆమె మెట్ల దాకా వచ్చారు. గట్టు మీద చిన్న పొద కూడా లేదు. బస్సు ఎందుకాగిందా అని అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు.

"నా చున్నీ అడ్డం పట్టుకుంటానండీ, రండి," అన్నాను.

"ఇంతమందిలోనా? నా వల్ల కాదమ్మా."

వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. బస్సు కదిలింది. కుదుపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటున్నారు. ఏం చేయాలో తోచక ఆమె చేయి పట్టుకున్నాను.

"నువ్వు మాత్రం ఏం చేస్తావులేమ్మా," అన్నారు, నన్నే ఓదారుస్తున్నట్టు.

వాళ్ళ ఊరొచ్చింది. దిగబోతూ, "వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు డాక్టరుగారు," అన్నారు. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. అడుగు వేయలేక ఆమె కరెంటు స్తంభం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు.