స్వామి అనని మాట

మీ ఇంట్లో పారాయణ చేసే స్వామి చరిత్రలో, ఆయన మాటలు ఎవరు విని రాశారని మీరెప్పుడైనా అడిగారా?

నేను అడిగాను. విజయనగరంలో కథలు రాసే నా స్నేహితుడు, ఎచ్చెర్ల దిగువన ఒక సముద్రపు పల్లెలో ఎన్నడో సమాధి అయిన స్వామి జీవితం రాశాడు. ఆ స్వామి ఎక్కువగా మౌనంగానే ఉండేవాడట. మౌనంతో పుస్తకం నిండదు. అందుకని మావాడు ఒక తుపాను కల్పించి, మెరుపులు పెట్టి, స్వామి చేత "నా పిల్లల్ని కడలి ముట్టదు" అనిపించాడు. ప్రూఫుల్లో చూసి ఇదెక్కడిదన్నాను. చరిత్రకి ఆమాత్రం ప్రాణం పోయాలన్నాడు. ఎంత వాదించినా వినలేదు. అచ్చయింది.

ఫోన్లకి తుపాను హెచ్చరికలు రావడం అప్పటికి అలవాటైంది. అలాంటి ఒక రోజు, ఆ పల్లె నుంచి మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ ఫోన్ చేసింది. అందరూ పడవలు ఒడ్డుకి లాగేశారు. ఆమె భర్త మాత్రం సముద్రంలో ఉండిపోయిన వలల కోసం బయల్దేరుతున్నాడు. పడవ దించే ముందు కళ్లు మూసుకుని ఆ పుస్తకం తెరిచి వేలు పెట్టడం అక్కడ ఆచారమైపోయింది. వేలి కింద ఏ వాక్యం పడితే అదే స్వామి ఆజ్ఞ. ఆవేళ పడింది "కడలి ముట్టదు" అన్న ఆ మాటే. పడకేం చేస్తుంది? అందరూ మళ్లీమళ్లీ చదివేది తుపాను ఘట్టమే. పుస్తకం అక్కడే విరిగి, దానంతటదే తెరుచుకుంటోంది.

మావాణ్ణి స్కూటరెక్కించుకుని బయల్దేరాను. దారంతా ఎదురుగాలి. సమయానికి చేరతామో లేదోనని బండి ఇంకా వేగంగా పోనిచ్చాను.

పడవ ఇంకా ఇసుక మీదే ఉంది. మావాడు దగ్గరికి వెళ్లి, ఆ మాట స్వామి అనలేదని, తానే అల్లి రాశానని చెప్పాడు.

భర్త నవ్వాడు. "నువ్వు రాసేవు బాబూ. రాయించింది ఆయనే."

ఎన్నో సభల్లో వాదించింది నేను. జవాబు చెప్పింది అతని భార్య.

"అయితే మావా, ఎల్లొద్దని ఇప్పుడీ బాబు సేత సెప్పిస్తన్నది కూడా ఆయనే కదేటి?"

అతను తాడు మళ్లీ గుంజకి కట్టాడు. మనిషి దక్కాడు. వలలు పోయాయి.

ఆ మాట మాత్రం పోలేదు. రెండో ముద్రణలో అలాగే ఉంది. దాని తరవాత మావాడు కొత్త ఘట్టం చేర్చాడు: తుపాను వేళ భక్తుణ్ణి ఆపడానికి స్వామి ఇద్దర్ని స్కూటర్ మీద పంపాడట. వాళ్లలో ఒకణ్ణి నేను. ఈసారి వేలు ఎవరిదో, ఒడ్డుకి ఎవరు పరిగెత్తుతారో నాకు తెలియదు.

మీ అలమారలోని పుస్తకం ఇప్పుడే తీయండి. స్వామి పలికిన ప్రతి మాట పక్కనా, విన్నదెవరో రాయండి. ఎవరూ దొరకని చోట ఆ మాట కొట్టేయండి.